ఎనిమిది రేకుల గుడ్డ

మొన్న సూరత్ పక్కన భేస్తాన్ స్టేషను బయట టీ తాగుతుంటే కొట్టువాడు గ్లాసులు తుడుస్తున్న గుడ్డ నా కంట పడింది. తెల్లటి పాలిస్టర్ చీర ముక్క. మరకల మధ్య పసుప్పచ్చని అంచు ఇంకా కనబడుతోంది. ఒక దానిమ్మకాయ, ఒక గంట, మళ్ళీ దానిమ్మకాయ, మళ్ళీ గంట. అంచు పైన మూరెడుకొక పూవు. గ్లాసు పక్కన పెట్టి, వాడి చేతిలోంచి గుడ్డ తీసుకుని ఆ పూవు రేకులు లెక్కపెట్టాను. ఆరు. ఎనిమిది ఉండాలి.

"క్యా హువా చాచా? గందా హై క్యా?" అన్నాడు కొట్టువాడు కంగారుగా.

గుడ్డకేమీ కాలేదని చెప్పి ఇచ్చేశాను. టీ మాత్రం మళ్ళీ ముట్టలేదు.

ఆ అంచును గడుల కాగితం మీద గీసిన మనిషి పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పేరు ఇక్కడ రాయను. రాయవలసిన చోట ఒకసారి నేనే రాయకుండా వదిలేశాను. ఇప్పుడు రాస్తే ఏదో గొప్ప పని చేసినట్టు ఉంటుంది. ఆ సంతోషం నాకు నేను ఇచ్చుకోదలచుకోలేదు.

అందరూ ఆయన్ని నక్షీ మాస్టరు అనేవారు. జకార్డు సాంచా మీద, అంటే పూలు నేసే మరమగ్గం మీద, పూవు పడాలంటే ముందు దాన్ని గడుల కాగితం మీద గీయాలి. ఆ గీతను చూసి అట్టలకు చిల్లులు కొడతారు. అట్టలు ఎలా చెబితే దారాలు అలా లేస్తాయి. ఆ గడుల గీతను నక్షీ అంటాం. జోల్వాలో ఒక సేటు కార్ఖానాలో ఆయన నక్షీ గీసేవాడు, నేను సాంచా నడిపేవాణ్ణి. ఆదివారం పొద్దున భేస్తాన్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం ప్రార్థనలో ఇద్దరం పక్కపక్కన కూర్చునేవాళ్ళం. ఆ సంఘానికి నేను కార్యదర్శిని. పెద్ద పదవేం కాదు. నాలుగు ముక్కలు రాయడం వచ్చునని మీటింగు పుస్తకం నా చేతిలో పెట్టారు.

సంఘమంతా కరీంనగర్ వైపు నుంచి సాంచెల పనికి వచ్చిన కుటుంబాలే. దేవుణ్ణి నమ్ముకుని ఏడెనిమిదేళ్ళు దాటినవాళ్ళు తక్కువ. పాత దేవుళ్ళ పటాలు తీసేశారు గానీ గోడలకు మేకులు అలాగే ఉండేవి. ఇరుగుపొరుగు, చుట్టాలు, ఊరి నుంచి వచ్చేవాళ్ళు మమ్మల్ని ఓ కంట కనిపెడుతూనే ఉండేవారు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, లేకపోతే తర్వాత జరిగింది ఒట్టి మూర్ఖత్వంలా కనబడుతుంది. మూర్ఖత్వం ఉంది, దాని కింద భయం కూడా ఉంది.

మాస్టరుతో కలిసి ఎక్కడికైనా నడవడం ఒక శిక్ష. మొక్క కనబడితే ఆగకుండా పోలేడు. ఆకు తుంచి, గోటితో గీరి, వాసన చూసి, చెవి మీది పెన్సిల్ తీసేవాడు. రోడ్డు మీద పడిన బీడీ కట్ట కాగితం ఏరి, దాని వెనక ఆ ఆకును గడుల్లో గీసేవాడు. పేడ కుప్ప పక్కన మొలిచిన ఉమ్మెత్త అయినా సరే. ఆ కాగితాలు, ఆకులు అన్నీ తన నల్ల అట్ట బైబిలులో దాచేవాడు. అది ఉబ్బిపోయి రబ్బరు బ్యాండు వేస్తే గానీ మూసుకునేది కాదు.

ఒక ఆదివారం అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, పిల్లల కోసం ఒక రంగుల పటం తెచ్చి గోడకు తగిలించారు. మొదటి స్త్రీ, మొదటి పురుషుడు, పాము, చేతిలో ఎర్రటి ఆపిల్ పండు. ప్రార్థన నడుమ మాస్టరు లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఆపిల్ అని ఎవలు చెప్పిన్రు? పుస్తకంల ఒట్టి పండు అనే ఉన్నది. యూదుల పెద్దలు ఒకలు అంజూరమన్నరు, ఒకలు ద్రాక్ష అన్నరు, ఒకలైతే గోధుమ అన్నరు. ఆపిల్ పెట్టింది ఎన్కకొచ్చిన తెల్లోళ్ళు. వాళ్ళ పెరట్ల అదే ఉండె మరి."

"పండు ఏదైతేంది బ్రదర్? పాపం పాపమే గద."

"పాపం పాపమే అయ్యగారూ. నడుమ ఆపిల్ ఏం చేసింది?"

జనం గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. అయ్యగారు నవ్వలేదు. ఆ నవ్వు ఎక్కడికీ పోలేదని, అయ్యగారి లోపల భద్రంగా ఉందని నాకు తర్వాత అర్థమైంది.

ఇదంతా మాస్టరుకు బొంబాయిలో అబ్బింది. మిల్లులు మూతపడక ముందు అక్కడ ఒక ముసలి యూదు మేస్త్రీ కింద, మిల్లు మాటలో జాబరు కింద, పనిచేశాడు. కొంకణ తీరంలో పుట్టి మరాఠీ మాట్లాడే యూదుడు. పందిళ్ళ పండుగ వస్తే ఆ జాబరు ఖర్జూరపు మొవ్వ, వాసన ఆకుల రెమ్మ, వాగు ఒడ్డున పెరిగే చెట్టు కొమ్మ కట్టగా కట్టి ఒక చేత, నిమ్మ జాతి పండు ఇంకో చేత పట్టుకుని ప్రార్థించేవాడట. ఒకసారి మాస్టరు చేతికీ ఇచ్చాడట. "చేతులు వణికినయ్ తమ్మీ. గంత పాత చెట్లు గవి" అనేవాడు ఆ మాట వచ్చినప్పుడల్లా.

మా సంఘంలో ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారానికి ఖర్జూరపు మట్టలు ఎక్కడివి? ఈత మట్టలు తెచ్చేవాళ్ళం. కల్లు మానేసి సంఘంలో చేరిన మగవాళ్ళు ఈత మట్ట పట్టుకోవడానికి సిగ్గుపడేవారు. మాస్టరు వాళ్ళను ఊరుకోనిచ్చేవాడు కాదు. "ఈత ఖర్జూరానికి సొంత చెల్లె. దాని కల్లు దాగింది మీరు. అది మిమ్ముల తాగుమన్నదా?" అంటూ ఒక్కొక్కరి చేతిలో పెట్టేవాడు.

ఆయన మాటల్లో నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నది ఒకటుంది. "ఏ పూవు గూడ మొదట్నుంచి దేవునిది గాదు తమ్మీ. ఏదో ఒక ఊరి పొలంల పూస్తది. అక్కడి మనుషులు ముందుగాల తింటరు, ఎన్క తురుముకుంటరు, గా ఎన్కనే దేవుని ముంగట వెడ్తరు. దానిమ్మను యూదులు ఏమన్న ఆకాశం నుంచి తెచ్చుకున్నరా? ఐగుప్తోళ్ళు, అంటే ఈజిప్టోళ్ళు, రాజుల సమాధులల్ల వెట్టిన్రు. కనాను దేశపోళ్ళు సంతానం కావాలె అని మొక్కిన్రు. మోషే కాలంల యాజకుని అంగీ అంచుకొచ్చింది. మన దగ్గరికొచ్చేసరికి ఒక్క పొట్టుల మస్తు గింజలు, ఒక్క సంఘంల మస్తు మంది అన్నరు. పండు అదే. పట్టుకున్న చేతులే మారినయ్."

యూదుల లెక్కలో దానిమ్మ గింజలు ఆరువందల పదమూడు, దేవుడిచ్చిన ఆజ్ఞలు ఎన్నో అన్ని. ఒకరోజు ఆయన గదిలో ఇద్దరం కాయ ఒలిచి స్టీలు పళ్ళెంలో గింజలు లెక్కపెట్టాం. ఆయన భార్య గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ మమ్మల్ని చూసి నెత్తి కొట్టుకుంది.

"ఇద్దరు ముసలోళ్ళకు పని లేదు. జల్ది తినుండ్రి, ఈగలు ముసురుతున్నయ్" అంది. అప్పటికి మాకు నలభైలే.

లెక్క ఆరువందల దరిదాపుల్లోకి కూడా రాలేదు. "ఆజ్ఞలు తక్కువనే ఉన్నయే. మన మీద జర దయ చూపిండు" అని ఆయన పళ్ళెం ఆమె ముందు పెట్టాడు. ఆమె నవ్వుతూ గుప్పెడు నోట్లో వేసుకుంది. ఆ ఇంట్లో నేను చూసిన చివరి సంతోషం అదేననుకుంటా.

ప్లేగు భయంతో జనం రైళ్ళెక్కి పారిపోయిన ఏడాది ఆమె పోయింది. ప్లేగు కాదు, కామెర్లు. కానీ ఆ రోజుల్లో ఎవరు పోయినా జనం దూరం జరిగేవారు. సంఘంలో సగానికి పైగా ఊళ్ళకు వెళ్ళిపోయారు. శవపెట్టె చేసే వడ్రంగి కూడా వెళ్ళిపోయాడు. కార్ఖానాకు దారం ఉండలు వచ్చే చెక్క డబ్బాలు విప్పి, ఆ పలకలతో మాస్టరు, నేను, ఇంకో ఇద్దరు కలిసి పెట్టె కొట్టాం. పలకల మీద నల్లటి గుర్తులున్నాయి. సరుకు తడవకూడదని చెప్పే గొడుగు బొమ్మ, ఏ వైపు పైకి ఉండాలో చెప్పే బాణం. చిత్రిక పట్టడానికి పనిముట్టు లేదు. గొడుగు బొమ్మ పైకి వచ్చేలా ఆమెను మోసుకెళ్ళాం.

ఆ తర్వాత ఆయన మొక్కల దగ్గర ఆగడం మానేశాడు. దాదాపు ఏడాది ఆయన చెవి మీద పెన్సిల్ చూడలేదు. ఒక సెలవు రోజు పొద్దున్నే వచ్చి, "నడువు" అన్నాడు. కతార్‌గామ్ వైపు పాత దొరల సమాధులున్నాయి, ఎప్పుడో వ్యాపారానికి వచ్చి ఇక్కడే పోయినవాళ్ళవి. అక్కడ ఒక రాయి మీద కాగితం పరిచి పెన్సిల్ అడ్డంగా రుద్దాడు. కాగితం మీదికి ఒక మట్ట ఆకారం మెల్లగా లేచింది.

"సూడు. రోము దేశంల పందెం గెలిచినోనికి ఇచ్చిన మట్ట ఇది. మనోళ్ళు సచ్చినోని రాయి మీద చెక్కిన్రు. వీడు గెలిచిండు అని." కాగితం చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "మా ఇంటామె పెట్టె మీద ఏముండె తమ్మీ?"



"గొడుగు" అని ఆయనే చెప్పాడు.

అప్పుడు పుట్టింది ఆ గుడ్డ ఆలోచన. సంఘానికంతటికీ ఒకటే గుడ్డ. ఎవరు పోయినా, పెట్టె ఏ చెక్కదైనా, దాని మీద అదే పరచాలి. కింద డబ్బా పలకలున్నాయో టేకు ఉందో ఎవరికీ కనబడకూడదు. "ఒక్కలు గూడ గట్ల పోవద్దు" అన్నాడు. ఆయనకు కావలసిందల్లా అంతే. బతికి ఉన్నన్నాళ్ళూ ఆయన మా సంఘాన్ని అడిగింది అదొక్కటే.

చెవి మీదికి పెన్సిల్ మళ్ళీ వచ్చింది. అంచుకు యాజకుని అంగీకి ఉన్నట్టు దానిమ్మలు, గంటలు. నాలుగు మూలల్లో సమాధి రాయి మీది మట్ట. నడుమ ఎనిమిది రేకుల తామర. ఆ తామర గీస్తున్నప్పుడు నేను కాస్త జంకాను. ఆయన కళ్ళు మెరిశాయి.

"ఐగుప్తుల ఇది పొద్దుగూకంగనే ముడుసుకుంటది, పొద్దుగాల మళ్ళ ఇచ్చుకుంటది. సచ్చి లేస్తది అన్నట్టు వాళ్ళకు. అక్కడ్నుంచి సొలొమోను గుడి స్తంభాల మీదికొచ్చింది. తెల్లోళ్ళు తమ దేశంల పూసే లిల్లీ గీసుకున్నరు. మన తెలుగు పుస్తకంల పద్మమనే రాసిన్రు, తియ్యి, సూడు. సచ్చినోని మీద దీనికన్న మంచి పూవు ఏది?"

దారం దగ్గర మాత్రం కొంచెం ఇబ్బంది పడ్డాడు. నార, ఉన్ని కలిపి నేయవద్దని యూదుల నియమం. సూరత్‌లో దొరికేది పాలిస్టర్. "దీని సంగతి మోషే ఏం చెప్పలే. నడుస్తది" అని తనే తీర్పు చెప్పుకున్నాడు. కొత్త నక్షీకి నాలుగైదు గజాలు నమూనా నేసి చూడటం కార్ఖానాల్లో మామూలే. అలా నమూనా పేరుతో నా సాంచా మీద నేనే నేశాను. అట్టలు కార్ఖానాలోనే కొట్టించాడు. చేసిన పొరపాటు అక్కడుంది. కార్ఖానాలో కొట్టిన అట్టలు కార్ఖానావే. మాకిద్దరికీ తెలిసిన సంగతే, కానీ చావు గుడ్డ సేటుకెందుకు అనుకున్నాం.

ఆదివారం ప్రార్థన అయ్యాక చాపల మీద గుడ్డ పరిచాడు. ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు. ఒక ముసలమ్మ అంచు నిమురుతూ, "గింత మంచిగున్నది. కప్పుతరంటే ఇయ్యాలనే పోత" అంది. అందరూ నవ్వారు. మాస్టరు ముఖంలో నేను అంత వెలుగు ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు వెనక నుంచి ఒక సంఘ పెద్ద అన్నాడు. "ఇది లక్ష్మి కూసుండే పూవు గద?"

నిమురుతున్న చెయ్యి వెనక్కి పోయింది. ఎవరో అన్నారు, "మా సుట్టాలు సూస్తే ఏమంటరు? ఇడిసిపెట్టిన కాడికే మళ్ళొచ్చిన్రంటరు." ఇంకెవరో దానిమ్మ కూడా పూజకు పెట్టేదేగా అన్నారు. మాస్టరు రబ్బరు బ్యాండు తీసి పుస్తకం తెరిచాడు. ఆకులు, బీడీ కాగితాలు చాప మీద రాలాయి. వేలు పెట్టి ఒక్కొక్క చోటూ చూపించాడు. అయ్యగారు చివరిదాకా ఓపిగ్గా విన్నారు.

"పుస్తకంల ఉన్నది నాకు తెల్వదా బ్రదర్? పుస్తకంల ఉండుడు వేరు, పెట్టె మీద ఉండుడు వేరు. బజార్ల నిలబడి సూసెటోనికి పుస్తకం కనబడదు. పూవే కనబడ్తది."

పూవు కత్తిరించి అంచు ఉంచుకుందామని ఒకరు రాజీ చెప్పారు. "నేసినదాన్ని కోస్తే దారాలన్నీ ఊడొస్తయ్" అన్నాడు మాస్టరు. అని నా వైపు తిరిగాడు. "తమ్మీ, నువ్వు నేసినవ్. నీకు అంతా తెల్సు. జర నువ్వు చెప్పు."

అందరూ నా వైపు చూశారు. నాకు నిజంగానే అంతా తెలుసు. దానిమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో, తామర ఏ స్తంభం ఎక్కిందో, ఆయన భార్య ఏ పెట్టెలో పోయిందో. అయ్యగారి వల్ల నాకు కావలసిన పని ఒక్కటీ లేదు. ఉంటే ఆ కారణం చెప్పుకుని ఇన్నేళ్ళూ నిద్రపోయేవాణ్ణి. ఊరికే భయం. నలుగురిలో ఒక్కడిగా నిలబడటమంటే భయం, అంతే.

"అయ్యగారు ఎట్లంటే అట్ల" అన్నాను.

ఆ తర్వాత మీటింగు పుస్తకం తీసి రాశాను. ఒక సహోదరుడు తెచ్చిన గుడ్డ సంఘమునకు తగినది కాదని తీర్మానించడమైనది. పేరు రాయకుండా 'ఒక సహోదరుడు' అని రాయడం మర్యాద అనుకున్నాను.

ఆయన గుడ్డను నాలుగు మడతలు పెట్టి నా ఒళ్ళో ఉంచాడు. "నీ చేతుల నేసినవ్. నీ దగ్గరనే ఉండనియ్యి." తర్వాతి ఆదివారం మామూలుగానే వచ్చి మామూలుగానే నా పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత బతికిన రోజుల్లో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. రెండు తిట్లు తిట్టి ఉంటే నా బతుకు తేలికయ్యేది. ఆ మేలు నాకు చేయలేదు.

అట్టలు కార్ఖానాలో మేకుకు వేలాడుతూనే ఉన్నాయి. సేటు ఒకరోజు వాటిని దించి చూసి, "మాస్టర్‌జీ, బార్డర్ ఏక్‌దమ్ మస్త్ ఛే" అని తెల్ల చీరకు అంచుగా వేయించాడు. అట్టలు తగ్గి ఖర్చు కలిసొస్తుందని తామరను చిన్నది చేయించి ఆరు రేకులు చేశాడు. చీరలు విపరీతంగా పోయాయి. రింగు రోడ్డు మార్కెట్‌లో కట్టలు కట్టలుగా పడి ఉంటే, మాస్టరు ఒక కొంగు పైకెత్తి వెలుతురుకు పెట్టి లెక్కపెట్టాడు.

"రెండు రేకులు తినేసిండు" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. నాకు రోషం ఎప్పుడూ అలాంటి చోట్లే వస్తుంది. "సేటును అడుగుదం పా అన్నా."

"ఏమని అడుగుదం?" కొంగు మడిచి కట్ట మీద పెట్టాడు. "వద్దన్నది సేటు గాదు గద తమ్మీ."

ఇంకో మూడేళ్ళు బతికాడు. వానాకాలంలో జ్వరం పట్టుకుని వారం తిరక్కుండానే పోయాడు. నేను వెళ్ళేసరికి సంఘం వాళ్ళు పెట్టె సిద్ధం చేశారు. మళ్ళీ దారం డబ్బాల పలకలే, ఈసారి మీద ఒక పూత నల్ల రంగు వేశారు. రంగు పలచన. మూత మీద గొడుగు బొమ్మ రంగు కింద నుంచి కనబడుతూనే ఉంది.

ఇంటికి పరుగెత్తి ట్రంకు పెట్టెలోంచి గుడ్డ తీసి రెగ్జిన్ బ్యాగులో పెట్టుకున్నాను. ఈసారి పరిచి తీరుతానని దారి పొడుగునా అనుకున్నాను. ఏమనాలో మాటలు కూడా కూర్చుకున్నాను.

సమాధుల దొడ్డిలో సన్నగా వాన. ఆడవాళ్ళందరూ చావుకు కట్టుకునే తెల్ల చీరల్లో వచ్చారు. అయ్యగారి భార్య గుంతకు దగ్గరగా, నాకు ఎదురుగా నిలబడింది. ఆమె చీర అంచు మీద దానిమ్మకాయ, గంట, దానిమ్మకాయ, గంట. కొంగు మీద తామర, ఆరు రేకులు. ఆమె పక్కన ఇంకో ఇద్దరి ఒంటి మీదా అదే. వాళ్ళ తప్పేం లేదు. బజారులో నచ్చింది, కొనుక్కున్నారు. చీర మీదికి వచ్చాక ఆ పూవును చూసి ఎవరికీ లక్ష్మి గుర్తు రాలేదు. మనిషి బతుకు పొలంలో పూసిన పూవని, పొద్దున పూసి సాయంత్రానికి వాడుతుందని అయ్యగారు ప్రసంగించారు. బాగానే ప్రసంగించారు.

నేను బ్యాగు జిప్పు మీద చెయ్యి వేశాను. సగం తీశాను కూడా. అయ్యగారు గొడుగు కింద నుంచి నా వైపు చూశారు.

"బ్యాగుల ఏమున్నది బ్రదర్? గట్ల సంకల వెట్టుకొని నిలబడ్డవ్?"

అందరూ నా వైపు చూశారు. ఆ రోజు చూసినట్టే.

"మీటింగు పుస్తకం అయ్యగారూ" అన్నాను. "తడుస్తదని."

జిప్పు మూసేశాను. తాళ్ళు వదిలారు. పెట్టె కిందికి దిగుతుంటే మూత మీది గొడుగు బొమ్మ మీద వాన పడుతూనే ఉంది. గుడ్డను మాత్రం ఒక్క చుక్క తడవనీయకుండా ఇంటికి తెచ్చుకున్నాను.